తుఫానులో మునిగిన సర్టిఫికెట్

ఎప్పుడూ ఏమీ రాయని నేను, ఈ బరువు ఒక్కదాన్నే మోయలేక ఇవాళ రాస్తున్నాను. తుఫానులో పోయిన వలల పరిహారానికి మా మత్స్యకార సంఘం తరఫున దరఖాస్తులు పంపేది నేనే. అవి పంపే ప్రభుత్వ వెబ్‌సైట్, మా సంఘానికి గుర్తింపుగా కంప్యూటర్‌లో ఎక్కించిన డిజిటల్ సర్టిఫికెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. ఆ కంప్యూటర్ కూడా అదే తుఫానులో మునిగిపోయింది. ఇవాళ కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, సర్టిఫికెట్ ఎక్కించిన అబ్బాయికి ఫోన్ చేశాను.

“దానికి కాపీ తీసేరా అమ్మా?”

“తీసేను బాబూ. ఆ కంప్యూటర్‌లోనే దాసేను.”

అతను నవ్వలేదు. కొత్తది రావడానికి వారం పడుతుందన్నాడు. దరఖాస్తుల గడువేమో ఈ సాయంత్రంతో ముగిసింది.

గుమ్మంలో కూర్చున్న పైడమ్మ అడిగింది: “ఏటమ్మా, మా వల పోనాదని ఆ పెట్టికి సెప్పేవా? వల లేకపోతే మా మావ సంద్రానికి ఎలగెల్తాడు?”

“రేపు సెప్తానే,” అన్నాను. ఈ అబద్ధానికి ఆ కూర్మనాథస్వామే నన్ను క్షమించాలి.

మీరైతే ఏం చెప్పేవారు? ఇది మీ దగ్గరే ఉంచుకోండి, మా ఊళ్లో ఎవరికీ చూపకండి. పైడమ్మ ఈ రాత్రయినా నిద్రపోవాలి.