ఏ రెక్క పైకి

ఇంట్లో ఆమెను పెద్దది అంటారు, పిన్ని కూతుర్ని చిన్నది అంటారు. ఇద్దరికీ మధ్య తేడా పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల పెద్దరికాన్ని పెద్దది ఏనాడూ సుఖంగా అనుభవించలేదు. పాలపళ్ళు ముందు ఊడింది చిన్నదానికే. సైకిలు తొక్కడం ముందు వచ్చిందీ చిన్నదానికే. ఆఖరికి తన సొంత నాన్న దుకాణంలో, తన సొంత నాన్న మిషను మీద, ముందుగా తిన్నని కుట్టు వేసిందీ అదే.

నాన్న బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. ఆయన నోట మెప్పు రావాలంటే తపస్సు చేయాలి. అలాంటి మనిషి ఒకరోజు చిన్నది కుట్టిన కాలరును వెలుతురుకు ఎత్తిపట్టి, "చిన్నదాని చేతిలో పని ఉంది" అన్నాడు. నాలుగే మాటలు. అప్పటికి పెద్దదానికి పద్నాలుగేళ్ళు, ఇప్పుడు ఇరవై ఒకటి. ఆ నాలుగు మాటలూ పళ్ళ సందున పీచులా ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. కుళ్ళు అంటారా, కుళ్ళే. ఎవరైనా అడిగితే ఆమే ఒప్పుకునేది. అడిగినవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది.

ఇద్దరూ ఒకే డిజైను కాలేజీలో, ఒకే బల్లకి అటొకరు ఇటొకరుగా చేరారు. ఆఖరి ఏడాది మేడమ్ ఒక ప్రాజెక్టు ఇచ్చింది. జపాన్ వీధుల్లో కుర్రకారు తమకంటూ కల్పించుకున్న బట్టల తీరులు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి ఎంచుకుని ఒక జత కుట్టాలి.

"వాళ్ళకి అది వేషం కాదు, వాళ్ళ బతుకు," అంది మేడమ్. "ఫోన్లో బొమ్మ చూసి కోసేయకండి. ఆ బట్ట తెలిసినవాళ్ళని అడగండి. తెలుసుకున్నది పక్కవాళ్ళకీ చెప్పండి. ఆ తర్వాతే కత్తెర పట్టండి."

అన్నింటిలో మేలైన జత ప్రదర్శన రోజున హాలు మధ్య దిమ్మె మీద నిలబడుతుంది. మిగతావి గోడల వెంట. ఆ రోజు నాన్న వస్తానన్నాడు. చుట్టాల పెళ్ళిళ్ళకి కూడా దుకాణం మూయని మనిషి వస్తానన్నాడు. ఇక పెద్దదానికి ఆ దిమ్మె తప్ప ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేకపోయింది.

చిన్నది బొమ్మల్లా ముస్తాబయ్యే అమ్మాయిల తీరు ఎంచుకుంది. కింద గొడుగులా విచ్చుకున్న కుచ్చుల గౌను, పైన జపాన్ వాళ్ళ సంప్రదాయపు అంగీ కిమోనోలో లాగా ఎద మీద ఒక రెక్క మీదికి ఇంకో రెక్క వచ్చే పైభాగం. అలా వేసుకునే ఒకమ్మాయితో ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడి లేసు సంగతీ, కుచ్చుల సంగతీ తెలుసుకుంది. రెక్కల సంగతి అడగలేదు. అడగడానికేముంది? పెదనాన్న దుకాణంలో ఓనమాల్లా నేర్చుకున్నదే కదా. ఆడవాళ్ళ బట్టకి కుడి రెక్క పైకి, మగవాళ్ళ బట్టకి ఎడమ రెక్క పైకి. అలాగే కోసేసి, పైకి వచ్చే కుడి రెక్క నిండా పట్టుదారంతో పూలు కుట్టడం మొదలుపెట్టింది. రోజుకో పువ్వు.

పెద్దది అడవిలో తిరిగే పిల్లల్లా పొరలు పొరలుగా వదులు బట్టలు వేసుకునే తీరు ఎంచుకుంది. లోపలి పొరకి ఆమెకూ రెక్కలు కావలసి వచ్చి, ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి లాండ్రీ కొట్లో చిరుగులు కుట్టే జపాన్ పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. పెద్దావిడ ఆమెను అద్దం ముందు నిలబెట్టి, ఒక పాత కిమోనో తొడిగి చూపించింది.

"ఎడమ రెక్కే పైకి రావాలమ్మా. ఆడవాళ్ళకైనా, మగవాళ్ళకైనా. కుడిది పైకి వేసేది చనిపోయినవాళ్ళకి మాత్రమే. మీ క్లాసులో అందరికీ చెప్పు."

"తప్పకుండా చెప్తానండీ," అంది పెద్దది.

ఆమె తిరిగి వచ్చేసరికి చిన్నది రెండో పువ్వు ముగించి దారం తెంపుతోంది.

"అక్కా, ఎలా వచ్చిందో చూడు."

పువ్వు బాగుంది. వచ్చిన చిక్కంతా అదే. బాగా లేకపోయి ఉంటే అక్కడికక్కడే చెప్పేసేది. నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదీ పేరు పెట్టిన మనిషి, ఆ రోజు పళ్ళు బిగించి "బాగుందే" అని ఊరుకుంది. రేపు చెబుదాం అనుకుంది. మర్నాడు మూడో పువ్వు వచ్చింది. మేడమ్ వచ్చి కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, ఆ రెక్క దగ్గరే చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత పెద్దది రేపు అనుకోవడం కూడా మానేసింది.

ప్రదర్శన రోజు పొద్దున దిమ్మె మీద చిన్నదాని జతే ఉంది. మధ్యాహ్నానికి గాని హాలు తెరవరు. నాన్న అప్పుడే వచ్చేశాడు. దిమ్మె చుట్టూ తిరిగి, ఒక పువ్వు మీద వేలు ఆనించీ ఆనించకుండా తడిమాడు. గోడ వారన ఉన్న తన జత ముందు ఆయన ఎంతసేపు ఆగాడో పెద్దది చూసింది. అంతసేపేమీ ఆగలేదు.

జనం రాకముందే ఒకసారి చూసి పెట్టమని మేడమ్ పిలిస్తే జపాన్ పెద్దావిడ కూడా వచ్చింది. దిమ్మె దగ్గరికి నవ్వుతూ వచ్చిన మనిషి, రెక్కలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుడిది పైకి వేస్తే ఏమిటో మెల్లగా చెప్పింది. చిన్నదాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పు నాదేనండీ," అన్నాడు నాన్న. "కుడి రెక్క పైకి అని నేర్పింది నేనే. పిల్లకేం తెలుసు."

పెద్దావిడ పెద్దదాని వైపు తిరిగింది. "నీకు చూపించాను కదమ్మా, మూడు వారాలైంది. అందరికీ చెప్పమన్నాను కూడా." ఆ గొంతులో నింద లేదు, ఆశ్చర్యమే ఉంది.

పెద్దది తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చిన్నది ఆమె మొహంలోకి చూసింది. చూసిందంటే, అంతా తెలిసిపోయేటట్టు చూసింది. చూసి, పెద్దావిడతో, "అక్క చెప్పిందండీ. నేనే వినిపించుకోలేదు" అంది.

పెద్దది ఇన్నేళ్ళు పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, ఈ క్షణం ఒక ఎత్తు. కాలరు దాని వాటా, పూలు దాని వాటా. ఇప్పుడు మంచితనం కూడా దానికేనా? అదీ నాన్న కళ్ళెదుట! ఇది మాత్రం ఇచ్చేది లేదనుకుంది.

"అబద్ధం," అంది. "నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

నాన్న ఆమెను తిట్టలేదు. చొక్కా జేబులోంచి కుట్లు విప్పే రిప్పరు తీసి ఆమె చేతిలో పెట్టి, "కూర్చుని విప్పు" అన్నాడు.

"నడుం దగ్గర విప్పి రెక్కలు మార్చొచ్చు పెదనాన్నా," అంది చిన్నది. "కానీ పూలన్నీ అడుక్కి పోతాయి."

"పోతాయి," అన్నాడు ఆయన.

దిమ్మె మీదికి క్లాసులో ఇంకెవరిదో జత ఎక్కింది. పెద్దది తలెత్తి చూడలేదు. ఆమె విప్పుతుంటే చిన్నది ఎదురుగా కూర్చుని బట్ట లాగి పట్టుకుంది. కుట్లన్నీ ఊడాక కుడి రెక్కను కిందికి తోయడమూ పెద్దదాని పనే అయింది. తోస్తూ ఒక్కొక్క పువ్వునూ లెక్కపెట్టింది. పందొమ్మిది. మొదటి రెండూ ఆమెకు సంగతి తెలియకముందువి. మిగతా పదిహేడూ ఆమె ఎదురుగానే కూర్చుని చూస్తుండగా, బాగుందే అంటుండగా కుట్టినవి.