నల్ల రేకులో ట్యూబులైటు గీత

ముప్పయ్యేళ్లకు పైగా జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించాను. ఏ పని మొదలుపెట్టినా ముందుగా దాని క్రమాన్ని కాగితం మీద రాసుకోవడం నాకు అలవాటు. అంత క్రమంగా చేసిన పనిలోనే ఒకసారి ఎంత పొరపాటు పడ్డానో, దానిని మా ఇంట్లో కిరాయికి ఉండే రంగుల పనివాడు ఎలా సరిదిద్దాడో రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకొంటున్నాను.

నా పాత కంప్యూటర్ మొరాయించినప్పుడు దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. లోపలి భాగాలన్నీ మార్చాలని తేల్చిన మెకానిక్, వాటితోపాటు ఇనుప పెట్టెను కూడా మార్చేయమన్నాడు.

"ఈ డబ్బా ఇంకెందుకు సార్? ఇప్పుడన్నీ అద్దాలవి, లైట్లవి వస్తున్నయ్."

నాకు కంప్యూటర్‌లో లైట్లు అవసరం లేదు. ఆ పెట్టె రేకు మందమైనది, మూలలు కచ్చితంగా లంబకోణానికి వంచినవి. ఇప్పటి పెట్టెలు వేలితో నొక్కితే లోపలికి పోతాయి. అడుగున కాస్త తుప్పు పట్టి, పక్కల రంగు పెచ్చులూడినంత మాత్రాన అంత నికార్సయిన వస్తువును పారవేయడం నాకు అపచారంగా తోచింది. రంగు వేసి తెస్తాను, అప్పుడు భాగాలు బిగించండని చెప్పి, ఖాళీ పెట్టెతో ఎల్బీనగర్‌లోని మా ఇంటికి తిరిగి వచ్చాను.

క్రమం రాసుకొన్నాను. మొదటి రోజు ఉదయం ఎనిమిదింటికి గరుకు కాగితంతో రుద్దడం, తొమ్మిదిన్నరకు తడిగుడ్డతో తుడవడం, పదింటికి అడుగుపూత. రెండవ రోజు నల్లని మెరుపు రంగు, గంటన్నర విరామంతో రెండుసార్లు. డబ్బాలోంచి నేరుగా చిమ్మే స్ప్రే రంగులు కొన్నాను. డాబా మీద మెట్ల గదిలో పాత వార్తాపత్రికలు పరిచి, పెట్టె పక్క రేకులను మరలు విప్పి వేరుచేసి, గోడ గడియారాన్ని ఎదురుగా తగిలించుకొని, రాసుకొన్నది రాసుకొన్నట్టు అమలు చేశాను.

ఒక్క చోట మాత్రం నా చేయి ఆగింది. మా ఆవిడ ప్రతి శనివారం ఉదయం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్తుంది. అక్కడి సిందూరం చిన్న పొట్లంలో తెచ్చి, ఇంట్లో పనిచేసే యంత్రాలన్నింటికీ బొట్టు పెడుతుంది. కుట్టుమిషను, మిక్సీ, నా స్కూటరు, ఆ తరువాత కంప్యూటర్. గదిలోకి రాగానే కనిపించే ఎడమ పక్క రేకు మీద, పై మూలన, ఏళ్ల తరబడి పెట్టిన చోటే పెట్టడంతో అక్కడ రూపాయి బిళ్లంత నారింజ మచ్చ నిలిచిపోయింది. స్వామివారి సిందూరాన్ని గరుకు కాగితంతో గీకడానికి నాకు మనసొప్పలేదు. ఆ కాస్త మేర తడిగుడ్డతో భక్తిగా తుడిచి ఊరుకొన్నాను.

మూడవ రోజు వెలుతురులో చూస్తే మిగతా రేకంతా ఒక మాదిరిగా ఉంది. ఆ మూలన మాత్రం రంగు నిలవలేదు. పూసిన రంగు పక్కలకు తొలగిపోయి, శనగగింజంత గుండ్రని గుంటలు నాలుగైదు ఏర్పడ్డాయి. మళ్లీ కొట్టాను, మళ్లీ తొలగింది. మూడోసారి కొట్టేసరికి రంగు బరువెక్కి కిందికి ధారలు కట్టింది. దుకాణదారు నకిలీ సరుకు అంటగట్టాడని నిర్ధారించుకొని, అతడికి ఇవ్వవలసిన ఫిర్యాదు లేఖ చిత్తుప్రతి కూడా సిద్ధం చేశాను.

అప్పుడే ఆరేసిన బట్టలు తీసుకుపోవడానికి మా కింది గదిలో ఉండే రంగుల పనివాడు డాబా మీదికి వచ్చాడు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. చంపాపేట్ రోడ్డు మీది ఇనుప బీరువాల కార్ఖానాలో, నేను కళాశాలలో పనిచేసినంత కాలంగా, బీరువాలకు రంగు వేసేవాడు. భార్యాభర్తలిద్దరే ఉంటారు. అంతకుమునుపు మా మధ్య నమస్కారాలు తప్ప పెద్దగా మాటలు లేవు.

బట్టలు భుజాన వేసుకొని రేకు ముందు నిలబడ్డాడు.

"సార్, ఏమనుకోకుంటె ఒక్క మాట."

"చెప్పండి."

"ఈడ నూనె అంటింది."

"నూనె అంటుకొనే అవకాశమే లేదు. తడిగుడ్డతో స్వయంగా తుడిచాను."

అతడు వంగి ఆ మూలను వాసన చూశాడు. "గీడ బొట్టు వెడ్తరా?"

పెడతామన్నాను.

"హన్మాన్ సిందూరం నూనెలనే గద సార్ కలిపేది. నీళ్లతోని తుడిస్తె నూనె వోతదా? గిన్నేండ్లు పిల్లలకు సైన్సు జెప్పిన్రు."

తలతన్యత పాఠంలో నూనెనూ నీటినీ ముందు పెట్టుకొని వివరించిన రోజులు నాకు లెక్కలేనన్ని. ఫిర్యాదు లేఖను మడిచి జేబులో పెట్టుకొన్నాను.

అతడు బట్టలతో రెండు మెట్లు దిగి, ఆగి, మళ్లీ పైకి వచ్చాడు. "సార్, గిది నాకిస్తరా? నేను జేస్త."

ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాడు. రెండు కళ్లలో శుక్లాలు వచ్చి చూపు మసకబారినప్పుడు వరుసగా రెండు బీరువాల తలుపుల మీద రంగు ధారలు కట్టిందట. యజమాని అతడి చేతిలోంచి రంగు కొట్టే గన్ను తీసి, మరొకరికి ఇచ్చి, అతణ్ణి కాగితంతో రేకులు రుద్దే పనిలో పెట్టాడు. ఆపరేషన్లు అయ్యాయి, చూపు వచ్చింది. అయినా యజమానికి నమ్మకం కుదరలేదు. ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. గన్ను పట్టాలనుకొన్నవాడు ఒక నల్ల రేకు తయారుచేసి ట్యూబులైటు ముందు నిలబెట్టాలి. రేకులో ప్రతిబింబించే లైటు గీత చివరినుంచి చివరిదాకా వంకర లేకుండా కనిపిస్తే పని అతడిది. వంకరపోతే కాదు.

"ఐతారం నాడు సేటు ఇటు దిక్కు వస్తడంట. ఏదన్న జేసి వెట్టు, జూస్త అన్నడు. కార్ఖాన రేకు ముట్టనిస్తలేడు. గిప్పుడు గన్ను రాకుంటే ఇగ రుద్దుడే సార్, సచ్చేదాక." నా రేకు వంక చూసి, "నేను ఖరాబు జేసినా, మీ అంత ఖరాబైతె చెయ్య" అన్నాడు.

ఇచ్చాను.

మరునాడు ఆరింటికే మెట్ల గది తలుపు చప్పుడైంది. నేను కొత్త క్రమపత్రిక రాసి గోడకు అంటించాను. అతడు దాన్ని మర్యాదగా చూసి, ఆ తరువాత మళ్లీ ఆ వైపు తిరగలేదు. నా రంగంతా రుద్ది లోహం దాకా తెచ్చాడు. సిందూరం ఉన్న మూల దగ్గరికి వచ్చినప్పుడు చేయి ఆపి, ఆ చోటును వేలితో తాకి కళ్లకద్దుకొన్నాడు. ఆ పైన రంగును పలుచన చేసే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచాడు. ఒకసారి తుడిచిన గుడ్డను మళ్లీ వాడలేదు. ప్రతిసారీ కొత్త పేలిక తీసుకొన్నాడు. నూనెను అటునుంచి ఇటు జరపడం వేరు, తీసివేయడం వేరు అన్న సంగతి అతడు మాటల్లో చెప్పలేదు, నేనే గ్రహించాను. శుక్రవారం ఉదయం ఇటుక ఎరుపు రంగులో ఉండే రెడ్ ఆక్సైడ్ పూత వేసి కార్ఖానాకు వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి, నీళ్లు చల్లుతూ నున్నని కాగితంతో రుద్ది, అరచేతి వెనుక భాగాన్ని రేకు మీద జరిపి చూశాడు. అరచేయి కాయలు కాసినది, దానికి తెలియదు. చేతి వెనుక చర్మానికి తెలుస్తుంది.

శనివారం ఉదయం అసలు రంగు. తన సొంత గన్ను తెచ్చాడు. పని లేని రోజుల్లో కూడా తుడిచి గుడ్డలో చుట్టి దాచుకొన్నదట. గాలి యంత్రం మాత్రం మా సందు చివరి పంక్చర్ దుకాణం నుంచి అడిగి తెచ్చాడు. దాని అడుగున ఉన్న బిరడా తిప్పి, లోపల చేరిన నీటిని ముందుగా వదిలేశాడు. మెట్ల గది నేల మీద నీళ్లు చల్లి దుమ్మును అణిచాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, నన్ను కూడా కట్టుకొమ్మని సైగ చేశాడు. ఆ ఏర్పాట్లు చూస్తుంటే నాకు ప్రయోగశాలను నిజంగా ప్రేమించే మనిషి ఒకడు, ఇన్నాళ్లూ మా కింది గదిలోనే ఉన్నాడని తెలిసివచ్చింది.

గన్ను ఎత్తినవాడు దించాడు. ఎడమ పక్క రేకు పై మూలకు ముఖం దగ్గరగా పెట్టి, తలను పక్కకు వాల్చి, ఏటవాలుగా చూశాడు.

"సార్, గీడ ఏదో ఉన్నది."

నేను కళ్లజోడు సవరించుకొని చూశాను. ఎర్రని పూత తప్ప నాకేమీ కనిపించలేదు. గడియారం ఏడు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. ఎనిమిది లోపల రంగు కొట్టకపోతే ఎండ పడి పూత చెడుతుందని అతడే చెప్పాడు. మరునాడు యజమాని వస్తాడు.

"ఏమీ లేదండీ. పూత ఒకే రంగులో ఉంది. ఆలస్యమవుతోంది, కొట్టేయండి."

అతడు నిటారుగా నిలబడ్డాడు. "మీకు గనవడ్తలేదు సార్. నాకు గనవడ్తున్నది." ఇంకెవరికో చెబుతున్నట్టుగా, నెమ్మదిగా మళ్లీ అన్నాడు. "నాకు గనవడ్తున్నది."

మా ఆవిడ కాఫీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ, ఆ మూలా చూసి గ్లాసులు కింద పెట్టింది.

"నేనేనండీ. తెల్లారుజామునే గుడికి వెళ్లొచ్చాను కదా. అన్నింటికీ పెడుతూ, పైకొచ్చి దీనికీ పెట్టేశాను. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది."

ఎర్రని పూత మీద నారింజ సిందూరం. ఆ రేకును తన చేత్తో రుద్ది నున్నగా చేసిన మనిషికి తప్ప మరొకరికి ఆనవాలు దొరకదు. ఆ వేళ కొట్టి ఉంటే రంగు అక్కడే మళ్లీ తొలగిపోయేది. ఆదివారం యజమాని ముందు ట్యూబులైటు గీత ఆ గుంటల్లో విరిగిపోయేది. ఒక్క క్షణం క్రితం "కొట్టేయండి" అన్నవాణ్ణి నేను.

"మీరు మంచికే వెట్టిన్రమ్మ" అన్నాడతడు. "గాని స్వామికి గూడ ఒక్క రోజు సుట్టీ ఇయ్యుర్రి."

"ఇచ్చానయ్యా. రంగు ఆరిందని నువ్వు చెప్పేదాకా ఆ రేకు జోలికే రాను" అంది మా ఆవిడ, నవ్వు ఆపుకొంటూ.

ఆ రోజు అతడు కార్ఖానాకు వెళ్లలేదు. ఆ మూలను మళ్లీ లోహం దాకా తుడిచి, చుట్టూ అంచు తెలియకుండా నున్నగా రుద్ది, ఎర్రపూత వేసి, ఆరేదాకా మెట్ల మీద కూర్చొన్నాడు. ఎండ దిగిన తరువాత గన్ను పట్టాడు. రేకుకు జానెడు దూరంలో చేయి ఒకే వేగంతో కదిలింది. గన్ను రేకు మొదలుకాకముందే మొదలై, అంచు దాటిన తరువాతనే ఆగింది. మధ్యలో ఎక్కడా చేయి ఆపలేదు, మణికట్టు తిప్పలేదు. మొదట తేలికగా ఒక పొడి పొర, దాని మీద నిండుగా ఒక తడి పొర. చివరి పొరకు రంగును బాగా పలుచన చేశాడు. అది రేకు మీద పడి, నా కళ్ల ముందే, తనంతట తాను చదునై, నీళ్లు నిలిచినట్టు నిలిచింది. క్రమం అంటే గడియారం చూసి చేసేది అనుకొనేవాణ్ణి. అతడి క్రమం చేతిలో, చెవిలో, ముక్కులో ఉంది. నా కాగితం మీది క్రమం కన్నా అది ఎంతో కఠినమైనది.

ఆదివారం సాయంత్రం యజమాని వచ్చాడు. మా పనివాడి కన్నా పాతికేళ్లు చిన్న, మాట పొదుపు. మెట్ల గదిలో ట్యూబులైటు వేయించి, రేకును గోడకు ఆనించమన్నాడు. మా పనివాడు అంచులు మాత్రమే పట్టుకొని నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి, చేతులు వెనక కట్టుకొన్నాడు. నా దగ్గర మౌఖిక పరీక్షకు నిలబడిన పిల్లలు సరిగ్గా అలాగే నిలబడేవారు.

యజమాని ఎదురుగా చూశాడు. కింద కూర్చొని చూశాడు. పై మూలకు పక్కగా వెళ్లి చూశాడు. తెల్లని గీత నల్లరేకులో, స్కేలు పెట్టి గీసినట్టు, ఈ చివరినుంచి ఆ చివరికి పోయింది.

"గీ మూలకు ఏమన్న అయిందా కాక?"

మా పనివాడు తడుముకోలేదు. "అయింది సేటు. బొట్టు వడ్డది. తీసి మల్ల జేసిన."

"ఎవలు జూసిన్రు?"

"నేనే."

యజమాని ఇంకోసారి ఆ గీత వెంట కళ్లు నడిపించాడు. "సోమారం గన్ను నువ్వే వట్టు" అన్నాడు. మెట్లు దిగబోతూ ఆగి, నా వైపు తిరిగాడు. "సార్, గీ రేకు కొన్ని దినాలు మాకాడ ఉంచుతరా? పిల్లగాండ్లకు సూపెడ్త, గిట్లుండాలె అని."

ఏ వస్తువు చోట ఆ వస్తువు ఉండాలన్నది నా నియమం. అయినా తల ఊపాను. సోమవారం ఉదయం మా పనివాడు రేకును మెత్తని గుడ్డలో చుట్టి, చంకన పెట్టుకొని పనికి వెళ్లాడు.

నెలలు గడిచాయి. మిగతా పెట్టెలో భాగాలు బిగించి తెచ్చుకొన్న నా కంప్యూటర్ ఇప్పుడు ఒక పక్క తెరిచే ఉంటుంది. లోపలి ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, దుమ్మును వారం వారం బ్రష్షుతో నేనే దులుపుతాను. శనివారం బొట్టు పెట్టడానికి చోటు లేదని మా ఆవిడ రెండు మూడుసార్లు గుర్తుచేసింది. రేకును తిరిగి అడగలేదు.

మొన్న చంపాపేట్ రోడ్డులో కూరగాయలకు వెళ్లినప్పుడు కార్ఖానా ముందు ఆగాను. గోడకు తగిలించిన నా రేకులో లైటు గీత ఇంకా తిన్నగానే ఉంది. దాని కింద, ముక్కుకు గుడ్డ కట్టుకొన్న మా పనివాడి చేయి ఒక బీరువా తలుపు మీద కదులుతోంది. నన్ను చూడలేదు. అంచు దాటేదాకా ఆ చేయి ఆగకూడదని నాకు తెలుసు కనుక, సంచి కింద పెట్టి, పిలవకుండా నిలబడ్డాను.