తురుమ్తీల జోడీ

నిన్న సాయంత్రం జల్‌పల్లిలో మా డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే, నెత్తిమీద నుంచి కీచుమని సన్నటి అరుపు వినబడింది. ఎన్నేళ్లయింది ఆ గొంతు విని! వెనకటికి ఫలక్‌నుమాలో మా పక్కింటి ఖాదర్ చాచా ఆ అరుపు వింటే చాలు, "తురుమ్తీ!" అని చిన్నపిల్లాడిలా కేకేసేవారు.

తురుమ్తీ అంటే డేగల్లో చిన్నది. తలా మెడా ఇటుకరంగు, వీపు బూడిదరంగు. అరుదైన పిట్ట. సొంతంగా గూడు కట్టుకోదు, కాకి వదిలేసిన గూట్లో కాపురం పెడుతుంది. మా వీధి చివరి నీలగిరి చెట్టు మీద ఒక జంట ఉండేది. పావురాలు ఎగరేసే మనిషికి డేగంటే ఒళ్లు మండాలి. చాచా మాత్రం "గిది పిచ్చుకల్ని పడ్తది, నా కబూతర్ల జోలికి రాదు" అని వెనకేసుకొచ్చేవారు. ఒకసారి నేను ఎగిరే తురుమ్తీనే కళ్లార్పకుండా చూస్తుంటే, "దాన్నేం జూస్తున్నవ్ బేటా? ఎన్క జూడు. ఇవి జోడీగ వేటాడ్తయ్. ఒకటి తరుముతది, ఇంకోటి పట్టుకుంటది" అన్నారు. నిజంగానే, బెదిరిన పిచ్చుక పక్కకు తిరిగేసరికి రెండోది పైనుంచి వచ్చి తన్నుకుపోయింది.

ఆయనా, ఆయన భార్య చాచీ పావురాలను అలాగే ఇద్దరూ కలిసి ఎగరేసేవారు. చాచీ డాబా ఆ చివర కర్రకు కట్టిన నల్లగుడ్డ ఊపుతూ గుంపును పైకి తోలేది. ఈ చివర చాచా గింజలు చల్లి "ఆవ్, ఆవ్" అని కిందికి పిలిచేవారు. చాచీ పోయాక ఆయన పావురాల గూడు తలుపు తీయలేదు. వాటిని ఎవరికో ఇచ్చేస్తానన్నారు. అవీ పోతే ఆ ఇంట్లో ఆయన పలకరించడానికి ఇక ప్రాణి ఉండదని నాకు దిగులేసింది.

"గుడ్డ నేను ఊపుతాను చాచా."

"నౌకరీ జేసేదానివి, నీకెందుకీ లొల్లి?"

"సాయంత్రాలు ఖాళీయేగా!"

మొదటి రోజే తప్పు చేశాను. ఆయన గింజలు చల్లి పిలుస్తున్నా నేను గుడ్డ ఊపుతూనే ఉన్నాను. దిగబోయిన పావురాలన్నీ మళ్లీ పైకి లేచాయి. "అరె, ఆపు బేటా! ఆకలితోని సస్తయ్ అవి!" అంటూ చాచా నడుం పట్టుకుని నవ్వారు. చాచీ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. పావురాలను ఎవరికీ ఇవ్వలేదు.

చాచా కూడా పోయి చాలా కాలమైంది. ఆయన మీద బెంగ మాత్రం పోలేదు. నిన్న వచ్చిన తురుమ్తీ ఒక్కటే. నేను అలవాటుగా దాని వెనక్కి చూశాను. చీకటి పడేదాకా డాబా దిగలేదు. రెండోది రాలేదు. చాచా ఉంటే "ఆగు బేటా, వస్తది" అనేవారు.

ఇవాళ ఆరేసిన బట్టలేమీ లేవు. అయినా సాయంత్రం కాగానే డాబా ఎక్కాను.