తాడు పైనుంచి పోయిన బంతి

నా చిన్నప్పుడు ఏటా మా జగ్గయ్యపేట కుర్రాళ్లకూ నందిగామ కుర్రాళ్లకూ ఫుట్‌బాల్ పోటీ జరిగేది. అప్పట్లో గోలుకు వల ఎక్కడిది? రెండు వెదురుగడలు పాతి, పైన అడ్డంగా ఓ తాడు కట్టేవాళ్లు. బంతి తాడు కిందనుంచి పోతే గోలు, పైనుంచి పోతే కాదు. ఆ దుమ్ములో దగ్గరున్నవాళ్లకు తప్ప ఆ తేడా తెలిసేది కాదు.

ఆ ఏడు ఇద్దరికీ చెరో గోలు. ఇక ఆట ముగుస్తుందనగా నేను కొట్టిన బంతి తాడును రాసుకుంటూ పైనుంచి పోయింది. అది నేను చూశాను, వాళ్ల గోలీ చూశాడు. అయినా నేను చేతులెత్తి ‘గోల్’ అని అరిచాను. మావాళ్లంతా అందుకున్నారు. రిఫరీగా ఉన్న మా డ్రిల్లు మేష్టారు ఊగుతున్న తాడును చూసి ఈల ఊదేశారు. "పైనుంచి పోయిందండీ!" అని ఆ గోలీ ఆయన వెంట పరుగెత్తాడు. ఎవరూ వినలేదు. నన్ను భుజాలమీద ఊరంతా తిప్పారు. సిగ్గులేకుండా తిరిగాను.

నాలుగోనాడు మేష్టారు నన్ను పక్కకు పిలిచారు.

"ఒరే, నాకు మనసు మనసులో లేదు. నిజం చెప్పు. కిందనుంచా, పైనుంచా?"

"పైనుంచేనండీ" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. నన్నొక్క మాటా అనలేదు. బస్సెక్కించి నందిగామ తీసుకెళ్లారు.

అక్కడి పిల్లలందరి ముందూ నిలబడి, తప్పు తనదేనని, గెలుపు చెల్లదని చెప్పారు. అంత పెద్దమనిషి చేతులు కట్టుకుని చెబుతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. కానీ వినవలసిన ఆ గోలీ అక్కడ లేడు. అడిగితే, బడికి రావడం లేదన్నారు. వాళ్ల పేటనుంచి హైస్కూలు దాకా వచ్చిన మొదటివాడట. దారి కనుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాం.

వాళ్లమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. మేష్టారు అంతా చెప్పారు. ఆమె చేతిలో పని ఆపకుండానే వింది.

"వాడు మొత్తుకున్నాడయ్యా, పైనించి పోయిందని. ఓడిపోయొచ్చి అబద్ధాలు కూడానా అని ఆళ్ల నాన్న కొట్టాడు. నేనూ నమ్మలా. అలిగి నిన్న కూలోళ్లతో కలిసి నైజాం వైపు ఎళ్లిపోయాడు. ఏ ఊరో తెలీదు. ఇప్పుడొచ్చి చెప్తే నేనెవరికి చెప్పుకోనయ్యా?"

మేష్టారు ఆ నేలమీదే కూలబడి ఏడ్చారు. పెద్దవాళ్లు ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ తర్వాత చాలాసార్లు మనిషిని పంపి కనుక్కున్నారు. అతను తిరిగి రాలేదు.

తప్పు తెలిసిన నాడే ఒప్పుకోవాలని మేష్టారు నాకు నోటితో చెప్పలేదు, చేసి చూపించారు. ఇప్పుడు నాకు తొంభై దగ్గరపడుతోంది. ఆయన అడిగేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే నేను నోరు విప్పి ఉంటే, ఆ తల్లి కొడుకును నమ్మి ఉండేది.