గాలి ఆగిన కాసేపు

ఈ ఉదయం ఫోను అదేపనిగా కూతపెట్టి, రేపు తుపాను తీరం దాటుతుంది, ఇల్లు కదలకండి అని చెప్పింది. చదువుకుని, కిటికీ గడియలు సరిచూసుకుని, ఇంకెవరికైనా చెప్పాలేమోనని తలుపు తీశాను. మా అంతస్తులో తలుపులన్నీ వేసే ఉన్నాయి. అందరి ఫోన్లూ కూసే ఉంటాయి కదా. చెప్పవలసిన మాట నోట్లోనే మిగిలిపోతే ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో నా వయసువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పెళ్లయిన కొత్తలో మేము మైలాపూరులో ఒక స్టోరులో ఉండేవాళ్లం, అంటే నడిమి వాకిలి చుట్టూ ఇంటికొక వాటా, అందరికీ కలిపి ఒకటే బావి. నేను జార్జి టౌనులో ఒక తెలుగు బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఇంట్లో కూడా అన్నం గిన్నె మీది మూత తీసి, దానికి పట్టిన నీటిబొట్లు చూపించి, సముద్రం ఆవిరై పైకి పోయి చల్లబడి మబ్బయ్యేది ఇలాగేనని, అలా చల్లబడేటప్పుడు ఆవిరి వదిలే వేడే తుపానుకు తిండి అని పాఠం మొదలుపెడితే, మా అత్తగారు ముందు చారు పొంగకుండా చూడమనేవారు. ఆవిడ మోకాళ్ల నొప్పి నా పుస్తకం కన్నా ముందే వాన కబురు చెప్పేది, ఒప్పుకోవాలి.

ఒక కార్తీకంలో పెద్ద తుపాను వచ్చింది. పొద్దుటి నుంచి ఉత్తరపు గాలి పెంకులు లేపేస్తుంటే అన్ని వాటాలవాళ్లూ పైన మిద్దె ఉన్న మా గదిలోనే చేరారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగింది, వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది. పక్క వాటావాళ్ల పసిబిడ్డ పాలకు ఏడుస్తుంటే అత్తగారు మా ఆయన చేతికి చెంబు ఇచ్చి, వెనక సందులోని పాలవాళ్ల ఇంటికి పంపబోయారు. "ఇంగ ఏం లేదురా, పోయింది. బిరీన పొయ్యి రా."

పెద్దల ముందు మొగుడితో మాట్లాడడమే తప్పయిన ఆ రోజుల్లో నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. "ఈడనే ఉండండి. ఇది తుపాను కన్ను, గాలి మళ్లా ఆ పక్క నుంచి వస్తుంది." సుడి నడుమ గాలి లేని చోటు ఉంటుందనీ, అది నెత్తి మీదుగా దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడుతుందనీ పాఠంలో చెప్పడమే గాని ఎన్నడూ చూసినదాన్ని కాదు; నా మాట తప్పయితే జన్మంతా నవ్వుతారు, నిజమైతే ఈయన దారిలో చిక్కుకుంటారు, ఈ రెండు భయాల మధ్య నాకు ఏడుపొచ్చేసింది. నమ్మారో, నలుగురిలో పెళ్లాం ఏడుస్తోందని సిగ్గుపడ్డారో, ఆయన చెంబు కింద పెట్టారు. బిడ్డకు పలుచగా గంజి పట్టాం.

కాసేపటికే దక్షిణం నుంచి విరుచుకుపడిన గాలికి వెనక సందు గోడ పొడుగునా కూలింది. ఆ రాళ్లకుప్ప చూసింది మొదలు అత్తగారు వడియాలు పెట్టాలన్నా వాన వస్తుందా అని నన్నే అడిగేవారు. చాలాసార్లు తప్పే చెప్పాను, పిండి పాడైంది, అయినా అడగడం మానలేదు.

అత్తగారు పోయారు, స్టోరు పడగొట్టి అంతస్తులు లేపారు. మా ఆయన పోయిన రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు. ఆ రోజూ ఆయన చెయ్యి పట్టుకునే కూర్చున్నాను, ఆగలేదు.

ఇప్పుడు కన్ను ఎప్పుడు దాటేదీ ఫోనే చెబుతుంది. దానివల్ల ఎందరో బతుకుతున్నారు, మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. కానీ రేపు గాలి ఆగిన కాసేపట్లో నేను తలుపు తీసుకుని వీధిలోకి నడిస్తే, చెంగు పట్టుకుని వద్దనేవాళ్లు ఇంత పెద్ద ఊళ్లో ఒక్కరూ లేరు.