మాబూ మామ వెనక్కి తెప్పించిన మాత్రలు

నిన్న మధ్యాహ్నం ప్రొద్దుటూరులో, మా చీరల అంగడి గద్దె మీద కూర్చున్న ఒక పెద్దాయన జేబులోంచి మాత్రల షీటు తీసి వెనకనుంచి బొటనవేలితో నొక్కాడు. టప్! ఆ చిన్న చప్పుడుకు నా పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. నవ్వితే నెత్తురు వచ్చే ఆ రోజులన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. వాటి వెనకే, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలతో మా అంగడి ఎదుటి మెడికల్ షాపు మాబూ మామ కూడా వచ్చి నిలబడ్డాడు. మామ పోయి రెండేళ్లయింది. ఆయన్ను చూడనివాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే ముందు నా మొగం గురించి చెప్పాలి. అదేమీ చిన్న విషయం కాదు.

ముప్పై నాలుగేళ్ల వయసులో నాకు మొటిమలు వచ్చాయి. వచ్చాయంటే చాలదు, దండెత్తాయి. గండికోట లోయలోని బండరాళ్లన్నీ తెచ్చి నా చెంపల మీద పేర్చినట్టుండేది. జమ్మలమడుగు నుంచి పొద్దున బస్సెక్కితే నా పక్క సీటు ప్రొద్దుటూరు దాకా ఖాళీ. దానికి తోడు నా ఉద్యోగం ఎలాంటిదనుకున్నారు? మా అంగడిలో చీర చూపించడమంటే మడత విప్పి పరచడం కాదు. సేల్స్‌మన్ లేచి, ప్యాంటు మీదే కుచ్చిళ్లు పోసి, పైట భుజాన వేసుకుని, పెళ్లికూతురిలా అటూ ఇటూ తిరగాలి. పదిహేనేళ్ల అనుభవమున్న నడుము నాది! ఒకరోజు మైదుకూరు నుంచి వచ్చిన ఒకావిడ, నేను నెమలికంఠం రంగు పట్టుచీరలో వయ్యారంగా తిరుగుతుంటే, అందరిముందూ అనేసింది. "చీర శానా బాగుండాది గానీ అప్పా, ఆ మొగం కొంచెం పక్కకు తిప్పుకొని చూపియ్."

మరునాడే చర్మం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె రక్తపరీక్షలు చేయించి, రోజుకొక మాత్ర రాసి, చాలాసేపు జాగ్రత్తలు చెప్పింది. నేను తల ఊపుతూ, తేటపడిన నా మొగాన్ని ఊహించుకుంటూ కూర్చున్నాను. చీటీ పట్టుకుని మాబూ మామ దగ్గరికి వెళ్తే ఆయన అవే జాగ్రత్తలు మళ్లీ మొదలుపెట్టాడు.

"అన్నం తిన్నాక మింగు. పెదాలకు లేపనం పూస్తానే ఉండు. ఎండలో తిరగబాక."

"ప్రొద్దుటూరులో ఎండలేని చోటు యాడుంది మామా?"

"మా అంగట్లో ఉండాది. వచ్చి కూర్చో."

నిజంగానే వెళ్లి కూర్చునేవాణ్ణి. ఎందుకంటే రెండో వారానికే ఆ మాత్ర తన ప్రతాపం చూపించింది. పెదవులు చెరువడుగు మట్టిలా బీటలు వారాయి. లోకాన్ని నవ్వించే నేను నవ్వలేను! ఎవరైనా జోకు వేస్తే రెండు చేతులతో మూతి పట్టుకుని ముక్కుతో నవ్వేవాణ్ణి. అంతలో ఆ ముక్కుకూ కోపమొచ్చింది. పెన్నకు నీళ్లొచ్చినట్టు నెత్తురు పారింది. నేను ఆకాశం వైపు తల ఎత్తి "పోతాండా మామా, పోతాండా" అని అరుస్తుంటే, మాబూ మామ వచ్చి నా తల ముందుకు వంచి, ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. "యాడికీ పోవు, నోటితో గాలి పీల్చు. రేపు డాక్టరమ్మకు చెప్పు" అన్నాడు. ఇక కీళ్లు. గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నన్ను లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. కారం దోసె ముక్క పెదవికి తగిలితే కడప దాకా వినపడేలా కేక పెట్టేవాణ్ణి.

మూడో నెలకు మొగం తేటపడింది. అబ్బ, ఆ సంబరం! బస్సులో నా పక్క సీటు నిండింది. చీర కొనడానికి వచ్చిన ఆడవాళ్లు చీర వదిలేసి "ఏం పూస్తాండావప్పా?" అని అడగసాగారు. మా దిక్కున ఒక అలవాటుంది. ఒకరికి పనిచేసిన మందు ఊరంతటికీ పనిచేస్తుందని నమ్మకం. మోకాళ్ల నొప్పి తగ్గినవాడు తన చీటీని శుభలేఖలా పంచుతాడు. నేనూ నా చీటీని ఫోన్లో ఫొటో తీసి పదకొండు మందికి పంపాను. మా అక్క కూతురు సువర్ణకైతే ఫొటోతో సరిపెట్టబుద్ధి కాలేదు. నాలుగు నెలల కింద పెళ్లై పులివెందుల వెళ్లింది. మొగం మీద మొటిమలని ఏడుస్తోంది. నా వంతు షీటు నెలకు లెక్కగా ఇచ్చే మాబూ మామతో, "షీటు బస్సులో పోయింది మామా" అని ఒక అబద్ధం చెప్పి, ఇంకొకటి తీసుకుని, పులివెందుల వెళ్లే మనిషి చేతికిచ్చి పంపాను.

పది రోజుల తరవాత నా మందు కోసం వెళ్లి, ఉత్సాహం ఆపుకోలేక నేనే బయటపెట్టుకున్నాను. "ఇంక మా సువర్ణ మొగం గూడా అద్దమే మామా!"

షీటు కత్తిరిస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏ సువర్ణ?"

"మా అక్క కూతురు. నాలుగు నెలలాయ పెండ్లయి."

"బస్సులో పోయిందంటివే?"

ఆయన మందు పెట్టె తిప్పి, దాని మీదున్న ఎర్ర అక్షరాలు నా కళ్లముందు పెట్టాడు. "కడుపుతో ఉన్న మనిషి ఇది మింగితే లోపల బిడ్డకు అవిటితనం వస్తాది, ఓబులేసూ. డాక్టరమ్మ చెప్పలేదా?"

"చెప్పింది మామా. ఆడోళ్ల సంగతి నాకేంటికిలే అని ఇనలేదు."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ముందు ఫోన్ చేసి మింగొద్దని చెప్పు" అన్నాడు. "నేను పంపింది వాడబాక" అని మాత్రం చెప్పాను. అంతకు మించి ఏమీ అడగలేకపోయాను. ఆ ఇంట్లో ఫోన్ వస్తే స్పీకర్ పెట్టి అందరూ వింటారు. ఇది గ్రహించిన మామ, మిట్టమధ్యాహ్నం, మనుషులు మందుల కోసం నిలబడి ఉండగానే షాపును పక్కింటి తమ్ముడికి అప్పగించి స్కూటరు తీశాడు. "ఎక్కు. నేను నడుపుతా. నీ కీళ్లకు బ్రేకు అందదు."

ముద్దనూరు దాటాం, తొండూరు దాటాం. ఎండకు నా చెంపల తోలు పొరలు పొరలుగా లేస్తోంది, నేను తుడుచుకోలేదు. అంత దూరంలో మామ ఒక్కసారే మాట్లాడాడు. "పోయిందంటే నమ్మి ఇచ్చినా సూడు, నాది గూడా తప్పే."

సువర్ణ అత్త రామలక్షుమ్మ వదిన మమ్మల్ని చూసి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది. సువర్ణ పెదవులు పగిలి ఉన్నాయి. మామే అడిగాడు, బియ్యం ధర అడిగినంత మామూలుగా.

"ఎన్ని మింగినావమ్మా?"

"నాలుగు. పెదాలు మండతాండాయని ఆపేసినా."

"నెల వచ్చిందా?"

ఆ పిల్ల నేల చూసింది. "గడువు దాటి ఆరు రోజులాయ. ఇంకా రాలేదు."

మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ రామలక్షుమ్మ వదిన అంతా వింది. "ఏంది? ఏం మింగింది? ఎవురిచ్చినారు?" అంది.

"నా అంగట్లోనే పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు మాబూ మామ.

నా జీవితంలో ఒక తప్పు మరొకరి మీదికి వెళ్తుంటే నేను ఆపిన దాఖలా అంతవరకూ లేదు. కానీ ఎండలో మాడిపోయిన ఆ పెద్దమనిషి, తనది కాని అబద్ధాన్ని నెత్తికెత్తుకోబోతుంటే, నా పగిలిన పెదవులు తెరుచుకున్నాయి. "కాదు వదినా. మామకు అబద్ధం చెప్పి తెచ్చింది నేనే. పంపింది నేనే. నా వల్లే."

ఆమె నన్ను తిట్టిన తిట్లు పులివెందులలో మొదలై చక్రాయపేట దాకా వెళ్లి తిరిగొచ్చాయి. "మేనమామవా, పగోడివా?" అంది. తిడుతూనే చెప్పులు వేసుకుంది, తిడుతూనే కోడలి చెయ్యి పట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి నడిచింది. మేం వెనకాల. ఆసుపత్రి బెంచీ మీద మాబూ మామ కళ్లు మూసుకుని దువా చేసుకున్నాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

గర్భం లేదు. వారం తరవాత మళ్లీ చేసిన పరీక్షలోనూ లేదు. ఇంకో నెల ఆగి పిల్లల సంగతి ఆలోచించమంది డాక్టరు. మొదటి పరీక్ష అయిన రోజే వదిన మాకు సంగటి పెట్టి, వడ్డిస్తూ కూడా తిట్టింది. అంత రుచైన తిట్లు నేనెప్పుడూ తినలేదు.

తిరుగు దారిలో గండం గడిచిందని నేను సంబరపడుతుంటే మామ స్కూటరు ఆపాడు. "ఫొటో పంపిన మిగతావాళ్లు?"

ఫోన్లు చేశాను. చాలదన్నాడు. ఆ వారమంతా, కుయ్యిమంటున్న కీళ్లతో, పదకొండు గడపలూ ఎక్కాను. ప్రతి చోటా నేను ఏం చేశానో చెప్పాను. ముగ్గురు నవ్వారు, ఒకడు తలుపు వేశాడు, ఇద్దరు అప్పటికే కొనుక్కున్న మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టారు. వాటిని మామ తీసుకుని నాకొక టీ తెప్పించాడు.

నేను ఇప్పటికీ ప్రతిదాన్నీ పెంచి చెప్తాను. అది నా వృత్తి, నా జబ్బు కూడా. ఈ నేత ఏడు తరాలు మన్నుతుందంటాను. నా మొటిమల్ని బండరాళ్లంటాను. నా తప్పుల దగ్గర మాత్రం, ఎంత చేశానో అంతే చెప్తాను. ఎవరూ అడక్కముందే, ఎవరికి చేశానో ఆ ఇంటికే వెళ్లి చెప్తాను. నాలుగు మాత్రలు. ఆరు రోజులు. అబద్ధం చెప్పింది నేను.