తాయారు ఇంటి పసిబిడ్డ

తాయారు ఇంట్లో పసిబిడ్డ ఉందనీ, తలుపు వేసుకుని ఎవరికీ చూపకుండా పెంచుతోందనీ మా వీధిలో వారం రోజులు ఒకటే మాట. మొదట అన్నది మూల మీద పూలమ్మే చెల్లమ్మ. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మూర కొలుస్తుంటే తన చెవులతో విన్నదట. "అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపక్కా. నలుగురిని కన్నదాన్ని, నాకు తెలీదా?" అంది. సాయంత్రానికల్లా ఆ బిడ్డకు తల్లి కూడా దొరికింది. తాయారు మనవరాలు చిన్మయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. నాలుగు నెలలుగా ఇటు రాలేదు. అంతే, లెక్క కుదిరిపోయింది.

మద్రాసులో ఈ కోడంబాక్కం వీధిలో నేను యాభై రెండేళ్ళుగా ఉన్నాను. నా పోర్షనుకూ తాయారు పోర్షనుకూ మధ్య ఒకటే గోడ. ఆమె పోపులో ఇంగువ వేసిందో లేదో నాకు తెలుస్తుంది. బిడ్డ వచ్చి వారమైతే తెలియకపోతుందా? బిడ్డ లేదు. అది టీవీ శబ్దమని వీధంతా చెప్పిందాన్ని నేనే. ఆ మాట కూడా తప్పేనని తరవాత తెలిసింది. రెంటినీ సరిచేద్దామనే ఇది రాస్తున్నాను.

తాయారుది సూళ్ళూరుపేట. పద్దెనిమిదో ఏట శేషాద్రిని చేసుకుని ఇక్కడికి వచ్చింది. అతను సినిమా సెట్లకు వడ్రంగి. పొద్దున రాజమహలు కట్టి సాయంత్రం విప్పేసి వచ్చేవాడు. పక్క వీధిలో ఒక డబ్బింగ్ థియేటర్ ఉండేది. తమిళ పిక్చర్లకు తెలుగు మాటలు పెట్టేవాళ్ళు. సంతలో అరుపులకూ, పెళ్ళిలో గోలకూ గుంపు గొంతులు కావాలి. తెలుగు వచ్చిన ఆడవాళ్ళు మా వీధిలోనే దొరికేవారు. తాయారు అలా వెళ్ళింది.

ఒకరోజు కాన్పు సీను వచ్చింది. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడవాలి. ముగ్గురు పసిపిల్లల్ని తెచ్చి చూశారు. ఏడవమన్నప్పుడు నిద్రపోయారు, హీరో మాట్లాడేటప్పుడు ఏడ్చారు. అప్పుడు ఇంట్లో తాయారు కూతురికి నాలుగో నెల. తాయారు మైకు దగ్గరకు వెళ్ళి, చెంగు కొస పళ్ళ మధ్య పెట్టుకుని, బొటనవేలితో గొంతు నొక్కి ఏడ్చింది. బయట కూర్చున్న ఆయా ఎవరి బిడ్డో అని లోపలికి పరిగెత్తుకొచ్చిందట. ఆనాటి నుంచి ముప్ఫై ఏళ్ళు ఆమెకు అదే పని.

ఏడుపుల గురించి ఆమెను అడిగితే కూర్చున్న చోటు నుంచి కదిలేది కాదు, చెబుతూనే ఉండేది. పుట్టిన బిడ్డ ఏడుపు ఎండిపోయి ఉంటుందట. పదోనాటికి అందులో ఆకలి చేరుతుందట. ఆరు నెలలకు కోపం వస్తుందట. చెప్పడమే గాని చేసి చూపించేది కాదు. నేనెన్నిసార్లు అడిగానో. "ఇంట్లో కూడదక్కా" అనేది. వాళ్ళ అత్తగారు పెట్టిన నియమం అది. బిడ్డ లేని చోట బిడ్డ ఏడుపు వినిపిస్తే లేని బిడ్డను పిలిచినట్టట. థియేటర్ నుంచి వచ్చిన తాయారు కాళ్ళు కడుక్కుని, నోరు పుక్కిలించి, ఆ తరవాతే కూతుర్ని ఎత్తుకునేది. అత్తగారు పోయి పాతికేళ్ళయినా ఆ నియమం పోలేదు. మనవరాలు ముద్దుగా అడిగినా చేయలేదు.

అయితే ఆ మొదటి ఏడుపు మీద ఆమెకొక దిగులు. ఆరోజు సౌండు ఇంజనీరు, "కుదిరితే నీది ఉంచుతాం. లేకపోతే తమిళంలో ఉన్నదే అతికిస్తాం" అన్నాడట. ఆ పిక్చరు ఆంధ్రాలో రెండు వారాలు ఆడి పోయింది, ఇక్కడికి రానే లేదు. మనం ఇక్కడ మాట్లాడితే అక్కడివాళ్ళు వినడమే కదా. తెర మీద ఆమె పేరు ఎలాగూ లేదు. తనది ఉంచారో తీసేశారో తెలుసుకునే దారి లేదు. "అదొకటి తెలిస్తే చాలక్కా. మిగతావన్నీ యాడ పోతే పోనీ" అని ఎన్ని మధ్యాహ్నాలు నాతో అన్నదో.

పోయిన నెల చిన్మయి ఫోన్ చేసింది. "అవ్వా, నీ పడం దొరికింది. నెట్‌లో పెట్టినారు" అంది. తమిళంలో పడం అంటే సినిమా. తను కొన్నాళ్ళు వాడి, పక్కన పెట్టేసిన చిన్న పెట్టెను పార్సిల్ చేసింది. దాన్ని టీవీకి తగిలిస్తే నెట్‌లో ఉన్న పిక్చర్లన్నీ వస్తాయట. పార్సిల్ అందుకుని సంతకం పెట్టింది నేనే. విప్పింది కూడా నేనే అనుకోండి.

చిక్కంతా టీవీతో వచ్చింది. తాయారు ఇంట్లో ఉన్నది వీపు పెద్దగా ఉండే పాత టీవీ. దాని కొలతకు శేషాద్రి తన చేత్తో టేకు గూడు చేశాడు. అతను పోయి పదకొండేళ్ళు. చిన్మయి కొత్తది కొనిస్తానంటే ఆ పలకలాంటి టీవీ ఆ గూట్లో పట్టదని తాయారు వద్దంది. ఇప్పుడు చూస్తే పెట్టె వైరు మూతి చపటగా ఉంది. టీవీ వెనక ఉన్నవేమో రెండే రెండు గుండ్రటి కన్నాలు, ఒకటి పసుపు, ఒకటి తెలుపు. నేను టార్చి వేసి వెతికాను. దూరే చోటు లేదు.

చూలై పేటలో టీవీలు బాగుచేసే కోదండరాంను పిలిపించాను. అతను అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తెచ్చి నడుమ పెట్టాడు. "ఇది దుబాసీ అక్కా. ఆ పెట్టె మాట్లాడేది ఈ ముసలి టీవీకి అర్థమయ్యేటట్టు చెప్తాది" అన్నాడు. దాన్నుంచి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు మూడు. పసుపు పసుపులో పెట్టాడు, బొమ్మ. తెలుపు తెలుపులో పెట్టాడు, సౌండు. ఎరుపు మిగిలింది.

"ఇది యాడికిరా?" అన్నాను.

"దానికి ఆడ చోటు లేదక్కా. పాత టీవీకి ఒక్క చెవే. వేలాడనీ."

వేలాడనిచ్చాం. బొమ్మ వచ్చింది గాని రంగు లేదు, పైగా కిందికి జారిపోతోంది. డబ్బా పక్కన ఉన్న మీటను కోదండరాం గోటితో అటు నెట్టాడు. జారడం ఆగి రంగు వచ్చింది. అప్పుడు చూస్తే అక్షరాలు అంచుల్లో తెగిపోతున్నాయి. చిన్మయికి ఫోన్ చేస్తే, బొమ్మ సైజు తగ్గించే చోటు చెప్పింది. తగ్గించాం. మనుషులు మాత్రం సన్నగా, పొడుగ్గా సాగి ఉన్నారు.

"ఏమిరా, అందరూ పస్తులున్నట్టుండారే" అన్నాను.

"వెడల్పు బొమ్మను నలుచదరంలో కుక్కితే అంతే గదక్కా. పరవాయిల్లే, కొంచేపుంటే కంటికి అలవాటయిపోతాది" అన్నాడు.

తాయారు మా మాటలేవీ వినడం లేదు. కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. పిక్చరు పెట్టిన గంటంబావుకు కాన్పు సీను వచ్చింది. తల్లి పళ్ళు బిగించింది. మంత్రసాని వంగింది. బిడ్డను పైకెత్తింది. తాయారు చెంగు కొస పట్టుకుని ముందుకు వంగింది.

ఏమీ లేదు. మంత్రసాని "ఆడపిల్ల" అంది. తల్లి నవ్వింది. బిడ్డ నోరు తెరిచి ఉంది, ఏడుపు లేదు. ఆ వెంటనే పాట అందుకుంది.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాం. అంతే.

"తీసేసినారు. వాళ్ళది కూడా పెట్టకుండా, ఊరికే తీసేసినారు" అంది తాయారు. ఏడవలేదు. లేచి మా ఇద్దరికీ కాఫీ కలిపింది. అందులో చక్కెర లేదు. కోదండరాం అలాగే తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి గోడ అవతల ఏడుపు వినిపించింది. మూడు ఏడుపులు, చివర చిన్న ఎక్కిలి. వైరు సర్దుకుని సౌండు వచ్చినట్టుంది, పోనీలే అని సంతోషపడి వెళ్ళి తలుపు తట్టాను. "తరవాత రా అక్కా" అంది లోపలి నుంచి. నన్ను తలుపు బయట నిలబెట్టడం ఇన్నేళ్ళలో అదే మొదలు. ఆ మర్నాడూ అంతే, ఆ తరవాతా అంతే. చెల్లమ్మకు అది టీవీ అని చెప్పాను.

"టీవీలో ఏడిస్తే టీవీ మాదిరి ఉంటాదక్కా. ఇది బిడ్డ" అంది పూలు కడుతూనే.

ఆ మాట ఎలా వెళ్ళిందో బెంగుళూరు దాకా వెళ్ళింది. చిన్మయి నాకే ఫోన్ చేసింది. "పెద్దవ్వా, నాకు బిడ్డ పుట్టిందంట గదా. ఆడబిడ్డా, మగబిడ్డా అది గూడా చెప్పండి, పేరు పెట్టుకుంటా" అంది. గొంతులో నవ్వు ఉంది గాని ఎక్కువసేపు నిలవలేదు. ఇక ఊరుకోకూడదనుకున్నాను. మరుసటి రోజు మూడు గంటలకు ముందే చెల్లమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. టీవీ ఏడవడం కళ్ళారా చూపిస్తే నోరు మూసుకుంటుందని.

వాకిట్లో కోదండరాం ఎదురయ్యాడు. చేతిలో ఒక పొట్టి వైరు, దానికి అటు రెండు మూతులు, ఇటు ఒకటి. "ఆ పొద్దు నుంచీ మనసు మనసులో లేదక్కా. ఆ ఎర్ర వైరు వేలాడదీసి వచ్చేస్తిని గదా" అన్నాడు.

ముగ్గురం ఒక్కసారే వచ్చేసరికి తాయారు తలుపు తీయక తప్పలేదు. "ఆ కాన్పు సీను పెట్టు, చెల్లమ్మ చూడాల" అన్నాను. తాయారు నా వంక చూసింది, చెల్లమ్మ వంక చూసింది, పెట్టింది. మంత్రసాని బిడ్డను ఎత్తింది. ఏడుపు లేదు.

చెల్లమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏమక్కా, నీ టీవీకి ఈరోజు లీవా?" అంది.

కోదండరాం అప్పటికే టీవీ వెనక దూరాడు. తెలుపు, ఎరుపు రెండింటినీ పొట్టి వైరులో కలిపి తెల్ల కన్నంలో గుచ్చాడు. "ఇప్పుడు పెట్టమ్మా" అన్నాడు.

మంత్రసాని వంగింది. బిడ్డను ఎత్తింది. ఎండిన గొంతుతో మూడు ఏడుపులు ఇల్లంతా నిండాయి. చివర చిన్న ఎక్కిలి.

తాయారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చేతులు దించి, "ఆ ఎక్కిలి నాదే. ఆపమని ఇంజనీరు చెయ్యి ఊపతా ఉండాడు, ఆగలా" అంది.

కోదండరాం విడమరిచి చెప్పాడు. పాత పిక్చర్లను ఇప్పుడు కొత్తగా చేసేటప్పుడు సౌండును కుడికీ ఎడమకూ పంచుతారట. మాటలు రెండు వైపులా ఉంటాయి. బిడ్డ బొమ్మలో కుడి వైపు ఉంది గనక ఏడుపును కుడికి పెట్టారు. కుడి అంటే ఎర్ర వైరు. అది ఇన్నాళ్ళూ గాల్లో వేలాడుతోంది. "ఎవురూ తీసెయ్యలా తాయారమ్మా. నేనే వదిలేస్తిని" అన్నాడు.

"నేను విన్నది ఇదే ఏడుపు. ఎక్కిలితో సహా" అంది చెల్లమ్మ. తన చెవులు తప్పు వినలేదని తేలింది గనక సంతోషంగానే లేచింది. బిడ్డ సంగతి ఎంత దూరం పాకిందో టీవీ సంగతీ అంత దూరం చేరుస్తానని మాటిచ్చి పూల దగ్గరకు పోయింది. చేర్చింది కూడా, అందులో వంక పెట్టను. కోదండరాం చక్కెర వేసిన కాఫీ తాగి వెళ్ళాడు.

నేను మాత్రం లేవలేదు. ఎర్ర వైరు టీవీలోకి ఎక్కింది ఈరోజు. నేను గోడ అవతల నుంచి ఏడుపు విన్నది వారం నుంచి. చదివింది ఐదో తరగతే అయినా ఆపాటి తీసివేత నాకూ వచ్చు. తాయారు పక్కన కూర్చున్నాను. ఎప్పటిలాగా చుట్టూ తిప్పకుండా నేరుగానే అడిగాను.

"వారం నుంచీ ఏడ్చింది ఎవురే?"

ఆమె టీవీ ఆపేసి, గూటి అంచు మీద దుమ్మును చెంగుతో తుడిచింది. తరవాత చెప్పింది.

"నాది తీసేసినారని కోపం ఉండింది, నిజమే. ఇంకోసారి చూద్దామని మర్నాడు పెడితిని. బిడ్డను ఎత్తి పట్టుకున్నారు, అందురూ దాని నోటి వంకే చూస్తా ఉండారు, అది ఏడవలా. ఏడవని బిడ్డను ఆ తల్లి ఒళ్ళో ఎట్ట పెట్టేదక్కా? అందుకని ఆ చోటు వచ్చినప్పుడంతా నేనే ఏడిస్తిని. ఇంట్లో కూడదని తెలుసు. లేని బిడ్డను పిలిస్తేనే గదా తప్పు. ఆ బిడ్డ ఆడ ఉండాది."